కిలోవాట్ అంటే ఏ గాలికి?

నర్సీపట్నంలో గాలి ఏడాది పొడవునా ఒక్క తీరుగా ఉండదు. ఎక్కువ రోజులు డాబా మీద ఆరేసిన చీరల్ని కదిపి ఊరుకుంటుంది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ముదిరి ఇటు తిరిగిందంటే మాత్రం కొబ్బరిచెట్లను వేళ్లతో సహా పడగొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంది. మామూలు రోజున తిరగడానికే బద్ధకించే గాలి, తుపాను రోజున విరిచేసే గాలి: ఈ రెంటికీ సరిపోయే గాలిమర ఎలా ఉండాలి? అది సరిపోతుందని ఎవరు, ఏ లెక్కన చెప్పాలి?

అనంతపురం వైపు రామగిరి కొండల మీద తిరిగే భారీ గాలిమరల సంగతి కాదిది. వాటిని కొనేది కంపెనీలు. కొనేముందు గాలిని ఏళ్ల తరబడి కొలిపించుకుంటాయి, కాగితాలు చదవడానికి ఇంజనీర్లను పెట్టుకుంటాయి. తోటలో బోరు దగ్గరో, బడి ఆవరణలోనో, కొండమీద కరెంటు తీగ చేరని చోటో నిలబెట్టుకునే చిన్న గాలిమరకు ఆ రక్షణ ఉండదు. కొనేవాడి చేతిలో ఉండేది అమ్మేవాడు ఇచ్చిన కరపత్రం ఒక్కటే. చిన్నది అంటే ఎంత చిన్నదో అంతర్జాతీయ ప్రమాణం ఐఇసి 61400-2 గీత గీసింది. రెక్కలు తిరుగుతూ ఊడ్చే వృత్తం వైశాల్యం 200 చదరపు మీటర్లు దాటకూడదు. ఆ గీతకు ఆనుకుని ఉండేవి 16 మీటర్ల వ్యాసంతో బాగా పెద్దవే. మన డాబాల మీదికి వచ్చేవి రెండు, మూడు మీటర్లవి.

కరపత్రంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండేది ‘1 కిలోవాట్’. దాని కింద చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి అసలు లేకుండా, ఉండేది ఆ కిలోవాట్ ఏ గాలికి వస్తుందన్న మాట. గాలిలో శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లు. రెండు మీటర్ల వ్యాసం ఉన్న మంచి గాలిమర సెకనుకు 12 మీటర్ల గాలిలో దాదాపు ఒక కిలోవాట్ ఇస్తుంది. 12 మీటర్లంటే గంటకు 43 కిలోమీటర్లు. ఆ గాలిలో గొడుగు నిలవదు. అదే యంత్రం సెకనుకు 4 మీటర్ల గాలిలో ఇచ్చేది ఇందులో ఇరవై ఏడో వంతు, 37 వాట్లు. 3 మీటర్ల గాలిలో లెక్కకు 16 వాట్లు రావాలి కానీ, చాలా యంత్రాలు అక్కడ అప్పుడే కదలడం మొదలుపెడతాయి కాబట్టి అదీ రాదు.

ఇందులో అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు. ఏ వేగం దగ్గర కొలిచి రాసుకోవాలో ఎవరూ చెప్పకపోతే తయారీదారు 14 మీటర్ల దగ్గర కొలిచి రాసుకుంటాడు. 11 మీటర్ల దగ్గర రాసే అంకెతో పోలిస్తే అది రెట్టింపు. రెక్క మారలేదు, జనరేటర్ మారలేదు, కరపత్రంలో మాత్రం యంత్రం రెండింతలయింది. అమెరికా గాలిశక్తి సంఘం 2009లో తెచ్చిన చిన్న గాలిమరల ప్రమాణం ఈ ఆట కట్టించింది: కిలోవాట్ల అంకె సెకనుకు 11 మీటర్ల దగ్గరే చెప్పాలి. దాంతోపాటు సగటున 5 మీటర్ల గాలి వీచే చోట ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో, 60 మీటర్ల దూరంలో ఎంత చప్పుడు వినిపిస్తుందో కూడా రాయాలి. ఈ మూడింట్లో కొనేవాడికి పనికొచ్చేది రెండోది. కరెంటు బిల్లు కిలోవాట్లలో రాదు, యూనిట్లలో వస్తుంది.

పచ్చి అబద్ధాలు కూడా తిరుగుతుంటాయి. వాటిని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, టేపు, కాలిక్యులేటర్ చాలు. గాలిలో ఉన్న శక్తినంతా ఏ రెక్కా లాగలేదు. అంతా లాగేస్తే రెక్కల వెనక గాలి కదలకుండా నిలిచిపోవాలి. అలా నిలిచిపోతే ముందు నుంచి వచ్చే గాలికి దారి ఉండదు, పక్కలనుంచి తప్పుకుని పోతుంది. మరీ తక్కువ లాగితే శక్తి వృథా. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1920లో లెక్క ప్రచురించాడు: వెనక వెళ్లే గాలి, వచ్చిన గాలి వేగంలో మూడో వంతుకు తగ్గినప్పుడు అత్యధికంగా 27 పాళ్లలో 16 పాళ్లు, అంటే 59.3 శాతం దక్కుతుంది. ఇప్పుడు ఒక మీటరు వ్యాసం ఉన్న బుల్లి యంత్రం 8 మీటర్ల గాలికి కిలోవాట్ ఇస్తుందని ఎవరైనా అన్నారనుకోండి. ఆ వృత్తంలోంచి పోయే గాలి మొత్తంలో ఉన్నదే 246 వాట్లు. బెట్జ్ గీత దగ్గర 146. నిజంగా బాగా చేసిన చిన్న యంత్రానికి 80 కూడా గొప్పే. రెక్కలు నిలువుగా ఉన్నా, గుండ్రంగా ఉన్నా, తామరపువ్వులా ఉన్నా ఈ లెక్క నుంచి తప్పించుకునే దారి లేదు.

నెదర్లాండ్స్‌లోని జీలండ్‌లో రకరకాల చిన్న గాలిమరల్ని ఒకే మైదానంలో నిలబెట్టి 2008 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు కరెంటు లెక్క కట్టారు. సగటు గాలి సెకనుకు 3.8 మీటర్లు. అంటే సముద్రతీరపు జోరుగాలి కాదు, మన ఊళ్లలో ఊహించుకోదగ్గ గాలే. 1.1 మీటర్ల వ్యాసం ఉన్న ముద్దొచ్చే గోళంలాంటి యంత్రం ఏడాదికి 73 యూనిట్లు ఇచ్చింది. 3.7 మీటర్ల స్కైస్ట్రీమ్ 2,109 యూనిట్లు. 5 మీటర్ల వ్యాసం ఉన్న మోంటానా 2,691 యూనిట్లు. అందచందాలు, ఆవిష్కరణలు, పేటెంట్లు అన్నీ పక్కకు పోయి ఊడ్చిన వైశాల్యమే నిలబడింది.

ఇంగ్లండ్‌లో అంతకంటే చేదు అనుభవం. 2007–08లో వార్విక్ పరీక్షల పేరుతో ఇళ్ల మీద, భవనాల మీద బిగించిన 26 చిన్న గాలిమరల్ని గమనించారు. చెడిపోయి, ఆపేసి ఉన్న కాలాన్ని కూడా కలిపితే ఒక్కోటి సగటున ఏడాదికి 78 యూనిట్లు ఇచ్చింది. ఎత్తైన భవనాల మీద ఉన్నవి బాగానే పనిచేశాయి కానీ, చప్పుడు భరించలేమని కింద ఉన్నవాళ్లు గొడవపెట్టడంతో వాటిని ఆపేయాల్సి వచ్చింది. ఊరి మధ్య డాబా మీద వచ్చేది గాలి కాదు, గాలి తాలూకు సుడులు. పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి రెండో అంతస్తు, వేపచెట్టు అన్నీ దాన్ని ముక్కలు చేస్తాయి. చుట్టూ తొంభై మీటర్లలో ఉన్న దేనికన్నా కనీసం తొమ్మిది పది మీటర్లు పైన రెక్కలుండాలన్నది పాత అనుభవ సూత్రం. ఈ సూత్రం పాటించిన డాబా గాలిమర ఎక్కడైనా కనిపిస్తే చూసి రావాల్సిందే.

అయితే ఏ యంత్రాన్నయినా న్యాయంగా కొలవడం ఎలా? మన దేశంలో ఈ పని జరిగే చోటు తమిళనాడులో తూత్తుకుడి జిల్లా కయత్తార్. చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థకు అక్కడ పరీక్షా కేంద్రం ఉంది. 1998లో సి-వెట్ పేరుతో మొదలైన సంస్థ అది. కయత్తార్ కేంద్రం డెన్మార్క్ ప్రభుత్వ సంస్థ డానిడా సాంకేతిక సాయంతో, కొంతవరకు డబ్బు సాయంతో వచ్చింది. డెన్మార్కే ఎందుకంటే, గాలిమరలకు పరీక్ష పెట్టడం వాళ్లు తమ తల పగలగొట్టుకుని నేర్చుకున్న విద్య. 1970లలో చమురు ధర మండిపోయినప్పుడు అక్కడి వడ్రంగులు, కమ్మరులు, రైతులు సొంతంగా గాలిమరలు కట్టారు. తుపాను గాలికి బ్రేకులు పట్టుతప్పి కొన్ని తునాతునకలయ్యాయి. 1978లో రీసో అణు పరిశోధన కేంద్రంలో గాలిమరల పరీక్షా కేంద్రం తెరిచారు. అణువుల కోసం కట్టిన చోటికి రెక్కలు వచ్చాయన్నమాట. మరుసటి ఏడాది ప్రభుత్వం 30 శాతం సబ్సిడీ ప్రకటించి, రీసో ఆమోదం ఉన్న యంత్రానికే అన్నది. ఒక బ్రేకు విఫలమైనా పట్టేలా, దానితో సంబంధం లేని రెండో బ్రేకు ఉండాలన్న నియమం అక్కడే గట్టిపడింది. డానిష్ గాలిమరలు ప్రపంచాన్ని ఏలడానికి రెక్కల సొగసుకన్నా ఈ మొండి నియమమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. మన దేశంలోనూ కేంద్రప్రభుత్వం చిన్న గాలిమరలకు సాయం ఇచ్చినప్పుడు పరీక్షలో నెగ్గి జాబితాకెక్కిన మోడళ్లకే ఇచ్చింది.

కయత్తార్‌లాంటి చోట జరిగే పరీక్షల్లో మొదటిది ఎంత గాలికి ఎంత కరెంటన్నది. గాలిమరకు రెండు నుంచి నాలుగు వ్యాసాల దూరంలో ఒక స్తంభం వేసి, రెక్కల మధ్యభాగం ఎత్తులో గిన్నెల గాలిమాపకం పెడతారు. దాన్ని ముందే గాలి సొరంగంలో సరిచూసి ఉంచుతారు. మాపకంలో రెండు శాతం తేడా ఉంటే ఘనం వల్ల శక్తిలో ఆరు శాతం తేడా వస్తుంది. స్తంభం నీడో, చెట్టు నీడో పడే దిక్కునుంచి వచ్చిన గాలిని లెక్కలోంచి తీసేస్తారు. పెద్ద యంత్రాలకు పది నిమిషాల సగటు తీసుకుంటే చిన్నవాటికి ఒక నిమిషం సగటు, ఎందుకంటే ఇవి గాలి మారగానే మారతాయి. వేగాన్ని అర మీటరు చొప్పున గళ్లుగా విడదీసి, ప్రతి గడిలో కనీసం పది నిమిషాల కొలతలు, మొత్తం మీద 60 గంటలు నిండాలి. కరెంటును జనరేటర్ దగ్గర కాదు, లోడుకు చేరే చోట కొలుస్తారు. తీగల్లో, ఇన్వర్టర్‌లో పోయినది యంత్రం ఖాతాలోనే.

తర్వాత అంకెల్ని సముద్రమట్టం దగ్గరి గాలి సాంద్రతకు, ఘనమీటరుకు 1.225 కిలోలకు సవరించి గ్రాఫు గీస్తారు. ఇక్కడ మనవాళ్లు ఒక కోత వేసుకోవాలి. ఆ అంకె 15 డిగ్రీల చలిగాలిది. నర్సీపట్నంలో 35 డిగ్రీల మధ్యాహ్నం గాలి సాంద్రత 1.15 దగ్గర ఉంటుంది, ఆరు శాతం పలచన. వేయి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో మామూలు పగటివేళ 1.05. కొండ మీద గాలి ఎక్కువ వీయొచ్చు, కానీ అదే వేగానికి పద్నాలుగు శాతం తక్కువ పనిచేస్తుంది.

రెండోది ఓర్పు పరీక్ష. చిన్న గాలిమరల పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో ఒప్పించడానికి ఏమీ ఉండదు. కనీసం ఆరు నెలలు తిరగాలి. ఏ గాలికైనా సరే 2,500 గంటలు కరెంటు ఇస్తూ తిరగాలి. అందులో 250 గంటలు గట్టిగాలిలో, 25 గంటలు మరీ గట్టిగాలిలో ఉండాలి. మొత్తం కాలంలో నూటికి తొంభై పాళ్లు అందుబాటులో ఉండాలి. మధ్యలో పెద్ద భాగమేదీ విరగకూడదు, తుప్పుపట్టి పాడవకూడదు, కరెంటు ఇచ్చే సత్తా తగ్గకూడదు. ‘గట్టిగాలి’ ఎంతన్నది యంత్రం ఏ తరగతి అని చెప్పుకుందో దాన్నిబట్టి. సగటున 8.5 మీటర్ల గాలిలో పనిచేస్తానన్న రెండో తరగతి యంత్రం 10.2 మీటర్ల పైన 250 గంటలు, 15.3 పైన 25 గంటలు నిలవాలి. అందుకే పరీక్షాకేంద్రాలు పడమటి కనుమల సందుల్లోంచి గాలి దూసుకొచ్చే చోట ఉంటాయి. ఆ గంటలు నర్సీపట్నంలో నిండాలంటే ఎన్ని ఏళ్లు పడుతుందో.

మూడోది భద్రత. గాలి మితిమీరినప్పుడు తోక ముడుచుకుని రెక్కలు పక్కకు తిరుగుతాయా? ఆపు మీట నొక్కితే నిజంగా ఆగుతుందా? అన్నిటికన్నా ముఖ్యం, తిరుగుతుండగా లోడు తెగిపోతే ఏమవుతుంది? జనరేటర్‌కు లోడు ఉన్నంతసేపే రెక్కలకు పట్టు ఉంటుంది. అది పోయిన క్షణాన రెక్కలు విచ్చలవిడిగా పరుగెత్తుతాయి. మన తీరంలో లోడు ఎప్పుడు పోతుందో ఆలోచించండి. తుపాను దగ్గరపడగానే ముందు తెగేది కరెంటే. హుద్‌హుద్ తర్వాత ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. లైనుకు కలిపిన ఇన్వర్టర్ లైను పోగానే తనంతట తాను ఆగిపోతుంది, ఆగిపోవాలి కూడా, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. అంటే గాలి అత్యధికంగా ఉన్న గంటలోనే గాలిమర పగ్గం ఊడుతుంది. లోడు తెగినప్పటి పరీక్ష ఏ గాలి వేగం దగ్గర చేశారో నివేదికలో చూడకుండా మన జిల్లాల్లో ఎవరూ డబ్బు కట్టకూడదు.

ఇంతవరకు పరీక్షల సంగతి. అసలు చిక్కు తరగతుల్లో ఉంది. ఐఇసి ప్రమాణంలో చిన్న గాలిమరలకు నాలుగు తరగతులు, వాటితోపాటు తయారీదారే విలువలు చెప్పే ఎస్ అనే ప్రత్యేక తరగతి. ఒకటో తరగతికి సగటు గాలి 10 మీటర్లు, యాభై ఏళ్లకొకసారి వచ్చే పది నిమిషాల గాలి 50. రెండుకు 8.5, 42.5. మూడుకు 7.5, 37.5. నాలుగుకు 6, 30. జాగ్రత్తగా చూస్తే ప్రతి జంటలోనూ రెండో అంకె మొదటిదానికి సరిగ్గా అయిదు రెట్లు. గాలి ఎక్కువగా వీచే చోట తుపాను గాలీ ఎక్కువే, తక్కువ వీచే చోట అదీ తక్కువే అన్న ఊహ ఈ పట్టికలో దాగుంది. ఉత్తర ఐరోపాకు అది చెల్లుతుంది. బంగాళాఖాతం ఒడ్డుకు చెల్లదు.

లెక్క వేసి చూద్దాం. యాభై ఏళ్లకొకసారి వచ్చే మూడు సెకన్ల విసురుకు యంత్రం తట్టుకోవాల్సిన వేగం, పై అంకెలకు 1.4 రెట్లు: నాలుగో తరగతికి 42 మీటర్లు, మూడుకు 52.5, రెండుకు 59.5, ఒకటికి 70. మన భవనాలకు వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి పది మీటర్ల ఎత్తున ఇదే రకం విసురును 50 మీటర్లుగా చెబుతుంది. ఇరవై మీటర్ల స్తంభం మీద, ఖాళీ ప్రదేశంలో, దాన్ని 1.07తో గుణించాలి: 53.5. నర్సీపట్నం సముద్రానికి సుమారు నలభై కిలోమీటర్లు. తుపానుల కోసం ఆ ప్రమాణం ప్రత్యేకంగా గుర్తించిన అరవై కిలోమీటర్ల పట్టీలోదే. కాబట్టి విశాఖ అంకెనే తీసుకోవడం జాగ్రత్తపరుడి పని. సగటు గాలిని చూస్తే మనకు నాలుగో తరగతి యంత్రం కూడా ఎక్కువే. విసురును చూస్తే మూడో తరగతి కూడా ఒక మీటరు తేడాతో చాలదు. రెండో తరగతి కావాలి. సర్టిఫికెట్ ఉన్న నాలుగో తరగతి యంత్రాన్ని ఇక్కడ నిలబెడితే, తుపానులో అది విరగడం సర్టిఫికెట్‌కు విరుద్ధమేమీ కాదు. 42 దాటితే హామీ లేదని ముందే రాసి ఉంది.

పెద్ద గాలిమరల విషయంలో ఈ సంగతి ప్రమాణాలు రాసేవాళ్లకు తలకెక్కింది. 2019 నాటి ఐఇసి 61400-1 కొత్త కూర్పులో ఉష్ణమండల తుపానుల కోసం టి అనే తరగతి చేర్చి, పది నిమిషాల గాలిని 57 మీటర్లకు పెంచారు. చిన్నవాటికి ఎస్ తరగతే గతి. అంటే తక్కువ గాలిని ఏరుకునే పెద్ద రెక్కలు, వాటిని తుపానులో మోసే బరువైన చట్రం, రెండూ ఉన్న యంత్రం కావాలి. దాని ఖరీదు ఊహించుకోవచ్చు. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా ఇదే కథ కాబట్టి, ఈ తీరం కోసమే ఒక ఎస్ తరగతి విలువల్ని నిర్ణయించి, ఆ విలువలకు నెగ్గిన యంత్రాలకే సాయం ఇస్తామంటే తయారీదారులు ముందుకొస్తారు. డెన్మార్క్ చేసింది సరిగ్గా అదే.

సర్టిఫికెట్‌కు మరో హద్దు ఉంది. కంపెనీ చెప్పే బైక్ మైలేజీ మన రోడ్డు మీద వచ్చే మైలేజీ కానట్టే, పరీక్షాకేంద్రం గ్రాఫు మన డాబా లెక్క కాదు. రెండు మీటర్ల యంత్రాన్ని సగటున 3.5 మీటర్ల గాలి ఉన్న చోట పెడితే ఏడాదికి వచ్చేది 250 నుంచి 300 యూనిట్లు. కిలోవాట్ సోలార్ పలక మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన ఏడాదికి 1,400 దాకా ఇస్తుంది, చప్పుడు చేయదు, విడిభాగాలు అడగదు. నర్సీపట్నం బజారులో డాబా ఉన్నవాళ్లకు నేనిచ్చే సలహా సోలారే. గాలిమర గురించి ఆలోచించాల్సింది అడ్డంలేని గట్టు మీద, వానాకాలం వారాల తరబడి ఎండ కనిపించని చోట, బ్యాటరీని రాత్రి కూడా నింపాల్సిన అవసరం ఉన్నవాళ్లు. అక్కడ కూడా ముందు ఒక ఏడాది గాలిమాపకం పెట్టి చూడాలి. సగటు ఒక్కటే రాసుకుంటే చాలదు. సగం కాలం 2 మీటర్లు, సగం కాలం 6 మీటర్లు వీచే చోట సగటు 4. నిలకడగా 4 వీచే చోటా సగటు 4. కానీ మొదటిచోట దొరికే శక్తి రెండోదానికి ఒకటిన్నర రెట్లకు పైనే.

సర్టిఫికెట్ ఒక మోడల్‌కు ఇస్తారు, కంపెనీకి కాదు. తర్వాత రెక్క పదార్థమో, బేరింగో, కంట్రోలరో మార్చితే మళ్లీ చెప్పుకోవాలి, అవసరమైతే మళ్లీ పరీక్షకు రావాలి. కంపెనీ బతికుంటుందని కూడా సర్టిఫికెట్ చెప్పదు. జీలండ్‌లో అంత బాగా తిరిగిన స్కైస్ట్రీమ్‌ను తయారుచేసిన సౌత్‌వెస్ట్ విండ్‌పవర్ 2013లో మూతపడింది.

తుపాను తీరంలో చిన్న యంత్రానికి పెద్దదానికి లేని ఒక సౌకర్యం ఉంది: దాన్ని దించేయొచ్చు. అడుగున బందు పెట్టి, వైరు తాళ్లతో నిలబెట్టి, చేతి వించితో వాల్చగలిగే స్తంభాలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక సాధారణంగా ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది కాబట్టి వ్యవధి సరిపోతుంది. స్తంభం వాలే దిక్కున దాని పొడవు ఎంతో అంత ఖాళీ స్థలం, వించి దగ్గర ఒకరు, పక్క తాళ్ల దగ్గర ఇద్దరు కావాలి. ముందు బ్రేకు వేసి రెక్కలు ఆగాయని చూసుకోవాలి, తర్వాత కరెంటు తీగ విప్పాలి, అప్పుడే వాల్చాలి. దించాక రెక్కల్ని నేలకు ఆనించకుండా దిమ్మల మీద పెట్టి కట్టేయాలి. ఈ పని మొదటిసారి అక్టోబరు వానలో చేయకూడదు. మే నెలలో, గాలి లేని ఉదయం పూట, ఒకసారి దించి ఎత్తి చూసుకోవాలి.